పాకే సున్నా

ఆ ఫ్యాక్టరీలో అందరికీ ఆవిడ మీటరు పిన్ని. తూకం యంత్రాల్లో సన్నటి సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్ బోర్డుల్ని పరీక్షించడం ఆవిడ పని. గాలి తగలకూడదని ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. పక్కనున్న ఖాళీ స్టూలు భర్తది. ఆయన పోయాక కూడా దాన్ని తీయనివ్వలేదు. బోర్డు మీదికి వంగి, ఆ స్టూలుతో రోజంతా కబుర్లు చెప్పేది. "పిచ్చిదనుకుంటారా? అనుకోనీ!" అనేది.

పని నేర్పింది ఆయనే. "లోపలికి ఏమీ ఇవ్వకపోయినా మీటరు ఎంతో కొంత చూపిస్తుందే, అది ఆఫ్‌సెట్. స్క్రూ తిప్పి సున్నాకి తెచ్చేయొచ్చు. వేడికి జరుగుతూ పోయేది డ్రిఫ్ట్. దాని పీడ స్క్రూతో వదలదు. డేటాషీట్‌లో టిపికల్ అని వేసే మామూలు అంకె చూసి మురిసిపోకు, దాటకూడని హద్దు, ఆ మాక్సిమమ్ చూడు" అనేవాడు.

పాత బోర్డులు రేకు మూతతో వచ్చేవి. ఈ వారం మూతల్లేకుండా వచ్చిన కొత్తవి మాక్సిమమ్ కూడా దాటేస్తున్నాయి. సున్నా చేసిన కాసేపటికే అంకె పాకుతోంది.

"పిన్నీ, సాయంత్రంలోగా తేలకపోతే ఈ టెస్టింగ్ బయటికి ఇచ్చేస్తారట. మీకు ప్యాకింగ్‌లో చోటు చూస్తాలెండి" అన్నాడు సూపర్‌వైజరు.

ప్యాకింగ్‌లో ఆవిడ భర్త స్టూలు ఎక్కడ వేసుకుంటుంది? చిప్పుల్ని తిట్టింది, వాటిని చేసినవాళ్ళని తిట్టింది. గొంతెండిపోయి మంచినీళ్ళకి వెళ్ళొచ్చేసరికి అంకె సున్నా దగ్గర బుద్ధిగా కూర్చుంది.

"ఏమయ్యా, చూశావా దీని వేషాలు!" అంటూ వంగింది. అంకె కదిలింది. నోరు మూసుకుని దూరం జరిగింది. కాసేపటికి మళ్ళీ సున్నా.

"నా మొహం మండా, ఇదంతా నా ఊపిరి వేడా!"

చిన్న అట్టపెట్టె తెచ్చి బోర్డు మీద బోర్లించింది. అంకె గంటసేపు కదల్లేదు.

"బతికించారు పిన్నీ! గది మీదే" అని, వచ్చి చూసిన సూపర్‌వైజరు తలుపు మూసి వెళ్ళిపోయాడు.

"విన్నావా? మన గది మనకే ఉంది" అంది స్టూలు వైపు తిరిగి. మీటరు మీద అంకె కదల్లేదు. పెట్టె మీదికి వంగి ఇంకా గట్టిగా చెప్పింది. ఊహూఁ. ఈ వారమంతా తన మాటకి కదిలింది ఈ అంకె ఒక్కటేనని తెలిసి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఒక్కదాన్నీ తనే మూసిపెట్టుకుంది.

రాయాల్సిన విలువలన్నీ రాసేసింది. తర్వాత పెట్టె అంచు కాస్త ఎత్తి, "వింటున్నావా?" అంది.

అంకె కదిలింది.