వెనకబడిన కారు

నేనూ నా భార్యా విడిపోయాక మా అమ్మాయి హారిక తల్లితో విజయవాడలో ఉంటోంది. నేను మాదాపూర్‌లో. ఆదివారం పొద్దున ఒక గంట ఇద్దరం వీడియో కాల్‌లో మాట్లాడుకుంటూ కంప్యూటర్‌లో కార్ల పందెం ఆడతాం. వారం మొత్తానికి నాకు దొరికేది ఆ గంటే.

అందుకోసమే కొత్త కంప్యూటర్ కొన్నాను. అయినా నా కారు ఆగి ఆగి కదిలేది. మూడో ఆదివారం కూడా లోయలో పడ్డాను.

"నాన్నా, నువ్వసలు ఆడట్లేదు. వేరే పనేదో చేసుకుంటున్నావు కదా? ఇష్టం లేకపోతే చెప్పెయ్, మానేద్దాం" అంది హారిక.

కాల్ అవగానే పై ఫ్లాట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మల్లేశ్‌ను పిలిచాను.

"ఫికర్ చెయ్యకన్నా. ఈ ప్రాసెసర్ల పెద్ద కోర్లు, చిన్న కోర్లు, అంటే జోరుగ పనిచేసేటివి, మెల్లగ చేసేటివి, రెండూ ఉంటయ్. నువ్వు దేన్ని ముందట పెడితే పెద్దవి దానికే పోతయ్, ఎన్కకు పోయినదానికి చిన్నవే దిక్కు. ఆట మీదికెల్లి ఏం తెరుస్తున్నవ్? వార్తలు గిట్ల చదువుతున్నవా ఏంది?" అని నవ్వాడు.

ముప్పయ్యేళ్లు అందరినీ ప్రశ్నలడిగిన విలేకరిని. దీనికి మాత్రం "అవును, వార్తలే" అని అబద్ధం చెప్పాను. నిజానికి ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, తెర మూలనున్న హారిక ముఖాన్ని పెద్దది చేసి చూసుకోవడానికి మాటిమాటికీ ఆ వీడియో మీదే నొక్కుతున్నాను; నొక్కిన ప్రతిసారీ ఆట వెనక్కి పోతోందన్నమాట.

తర్వాతి ఆదివారం ఆ వీడియోను ముట్టుకోలేదు. తెరంతా ఆటే. కారు దూసుకుపోయింది.

"వామ్మో నాన్నా!" అని హారిక పగలబడి నవ్వింది.

తన ఆటలో నేనుండాలంటే తన మీంచి చూపు తిప్పుకోవాలని అప్పుడు తెలిసింది. ఆ వారమే పళ్లకు క్లిప్పులు వేయించుకుందట. నవ్వు విన్నాను గానీ, క్లిప్పులతో ఎలా ఉందో ఇంకా చూడలేదు.