బీరువాలో చెక్కుచెదరని గ్లౌజులు

ఎనిమిదేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నేనే రాసిన వాక్యం. నాలుగే మాటలు. ఉద్యోగరీత్యా ఎన్నో టన్నుల చెత్త మోయించినవాణ్ణి, ఇంత బరువు ఏ బండిలోనూ చూడలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. దీన్ని ధైర్యం అనొచ్చా? అనొద్దు. ధైర్యమే ఉంటే ఎనిమిదేళ్లు పట్టేది కాదు.

నేను శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. అప్పట్లో కర్నూలుకు గంట దూరంలో ఉన్న ఒక మునిసిపాలిటీలో పనిచేసేవాణ్ణి. బంధువుల పెళ్లిళ్లలో నన్ను ‘చెత్త సారు’ అని పరిచయం చేసేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ మాటకు రెండో అర్థం కూడా నాకు కొలిచి కుట్టినట్టు సరిపోతుందని అప్పటికి తెలియదు.

ఊరి బయట మాకో రేకుల షెడ్డు ఉండేది. చెత్త నుంచి సంపద తీసే కేంద్రం అని గోడ మీద మనిషెత్తు అక్షరాలు. లోపల ప్లాస్టిక్‌కు ఒక అర, గాజుకు ఒకటి, అట్టలకు ఒకటి, పక్కన ఎరువు గుంతలు. ఇంటింటికీ రెండు బుట్టలు పంచాం, తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది. జనం నీలం బుట్ట కడిగి బియ్యం పోసుకున్నారు. ఆకుపచ్చదాంట్లో అన్నీ వేశారు. అన్నీ అంటే అన్నీ. చదువుకున్నవాళ్లు, మేడలున్నవాళ్లు, పిల్లలకు పరిశుభ్రత మీద వ్యాసాలు రాసిపెట్టేవాళ్లు, ఇంకొకరి చేయి దాంట్లో పడుతుందన్న ఆలోచన ఒక్క క్షణం కూడా లేకుండా సాంబారు ఇస్తరాకుల్లో బ్లేడ్లు చుట్టి పడేశారు.

ఆ చేతులు నలుగురు ఆడవాళ్లవి. షెడ్డులో కింద కూర్చుని అంతా ఏరేవాళ్లు. వాళ్లలో పెద్దది సుంకమ్మ. చెత్త చూసి ఇల్లు చెప్పేది, ఇది మార్వాడీ అంగడిది, ఇది టీచరమ్మది అని. వయోజన విద్య కేంద్రంలో సంతకం నేర్చుకుంది. జీతాల రోజు తక్కినవాళ్లు వేలిముద్ర వేస్తుంటే ఆమె మాత్రం పెన్ను అడిగి తీసుకుని, నాలుక కొస బయటపెట్టి, మూడక్షరాలూ పూర్తిగా రాసేది.

రోజూ పది గంటల లోపల, ఏరిన కుప్పల ఫోటో పైకి పంపాలి. అది వెళ్లిందంటే ఆ రోజుకు మా ఊరు శుభ్రమైపోయినట్టే. పదిన్నరకు కాంట్రాక్టరు మనుషులు ట్రాక్టరుతో వచ్చి, తెల్లవారినప్పటి నుంచి వాళ్లు వేరు చేసిన కుప్పలన్నిటినీ ఒకే ట్రాలీలోకి ఎత్తి, ఊరి పక్క ఎండిన వాగు వంకలో పోసి అగ్గి పెట్టేవాళ్లు. అవును, మీరు సరిగ్గానే చదివారు. ఏరించేది కలపడానికే. ఎందుకు ఏరించడం? ఫోటో కోసం. ఫోటో ఎందుకు? ర్యాంకు కోసం. ర్యాంకు ఎందుకు? బస్టాండు ముందర బోర్డు పెట్టుకోవడానికి. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పుడెందుకు మండలేదు? వంక మండుతుంటే చూస్తూ నిలబడినవాణ్ణి, నాకెందుకు సెగ తగల్లేదు? సుంకమ్మ ఒకసారి అడిగింది, ఇంత కష్టపడి ఏరేది కలిపేదానికా అని. కర్నూల్లో మళ్లీ ఏరే మిషనుంది అని చెప్పాను. నమ్మింది. లేదా, నమ్మినట్టు కనబడి నా మర్యాద కాపాడింది.

ఇక గ్లౌజుల సంగతి. ఏడాదికొకసారి గ్లౌజులు, బూట్లు, నారింజ రంగు జాకెట్లు పెట్టెల్లో వచ్చేవి. పంచితే వారానికి చినుగుతాయి, రేపు తనిఖీ బృందం వస్తే ఏం చూపిస్తాం? అందుకని బీరువాలో పెట్టి బీగం వేసేవాళ్లం. తనిఖీ రోజున తీసి తొడిగించడం, వరుసగా నిలబెట్టి ఫోటో తీయడం, ఇచ్చినట్టు రిజిస్టర్లో సంతకాలు పెట్టించుకోవడం, బృందం కారు ఎక్కగానే అన్నీ విప్పించి మళ్లీ లోపల పెట్టడం. ఈ తెలివి పైవాళ్లదని రాయాలని ఎంతగా ఉందో. కానీ నాదే. పైవాళ్లు మెచ్చుకున్నారు, అంతే.

ఎండాకాలం. ఊరంతా బేనీషా మామిడిపళ్లు తిని తొక్కలు మా మీదికి తోస్తున్న రోజులు. ఆ తొక్కల కింద ఎవరో పగిలిన గాజు గ్లాసు పడేశారు. సుంకమ్మ కుడిచేతి రెండు వేళ్ల మధ్య దిగింది. గుడ్డ కట్టుకుని పని చేసింది. నాలుగో రోజుకు చెయ్యి వాచింది. ఆమెకు షుగరు ఉందని పెద్దాసుపత్రికి పోయేవరకు ఆమెకే తెలియదు. చూపుడు వేలు, మధ్య వేలు తీసేశారు.

పైనుంచి నన్ను అడిగింది ఒకే ప్రశ్న, గ్లౌజులు ఇచ్చారా లేదా అని. లేదంటే మెమో వస్తుంది, బహుశా సస్పెన్షన్. బహుశా ఏమీ వచ్చేది కాదేమో. ఆ ‘బహుశా’కు భయపడి, రిజిస్టరు నకలు జతచేసి రాశాను. ‘గ్లౌజులు ఇచ్చినప్పటికీ కార్మికురాలు ధరించలేదు.’ ఎవరూ నన్ను అలా రాయమనలేదు. ఆ వాక్యం చూసి ఆమెకు రావలసిన సాయం ఆపేశారు. ఆ చేత్తో ఏరడం కుదరదని కాంట్రాక్టరు పనిలోంచి తీసేశాడు. నేను ఆమెకు చేతొడుగులు ఇవ్వలేదు, చెయ్యిచ్చాను.

ఆమె ఒకసారి ఆఫీసుకు వచ్చింది. వరండాలో నా ముందర నిలబడింది. ఏడవలేదు, అరవలేదు.

“గ్లౌజులు యేసుకోల్యాదని రాసినారంట గదా సార్. యాడ ఇస్తిరి సార్ మాకు?”

“రిజిస్టర్లో నీ సంతకం ఉండాది కదమ్మా,” అన్నాను.

“అది ఫోటో దినం పెట్టిచ్చుకుంటిరి. ఫోటో పడినాక ఇప్పిచ్చుకుంటిరి. బీరువాకు బీగమేసింది మీరే గదా.”

“కాగితంలో అది లేదమ్మా.”

కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో పట్టుకుని వరండా మెట్ల వైపు తిరిగింది.

“పోనీలే. మీ గ్లౌజులు ఒగటీ చినగలేదు, నా చెయ్యే చినిగె. నువ్వు సల్లగుండప్పా.”

ఎనిమిదేళ్లలో ఎందరో అధికారులు తిట్టారు నన్ను. ఏదీ గుర్తులేదు. ఈ దీవెన ఒక్కటే గుర్తుంది. సారు నుంచి అప్పకు దిగాను. అంతకంటే కిందికి దింపే మాట ఆమె దగ్గర ఉండే ఉంటుంది, వాడలేదు.

ఆ తర్వాత నేను సల్లగానే ఉన్నాను. ప్రమోషన్ వచ్చింది. కడప వైపు బదిలీ అయ్యాను. ఆమెను మరిచిపోలేదు అనలేను. మరిచిపోవడానికి రోజూ కొంత పని చేశాను, అదీ శ్రద్ధగా.

పోయిన నెల ఇక్కడి ఆఫీసుకు కొత్త గ్లౌజుల పెట్టెలు వచ్చాయి. కార్మికుల మేస్త్రి నేను అడగకముందే బీరువా తాళాలు తెచ్చాడు. సంతకాలు తీసుకుని లోపల పెడదామా సార్ అన్నాడు. ఎవరు నేర్పారయ్యా నీకు అన్నాను. ఈ పక్కంతా అట్లే చేస్తాండారు సార్, ఎవరో కర్నూలు సారు కనిపెట్టిన పద్ధతంట, శానా బాగుండాది అన్నాడు. మెచ్చుకోలుగా అన్నాడు పాపం. నా పాపం ఊళ్లు పట్టుకుని తిరుగుతోంది. ఎన్ని బీరువాలు? ఎన్ని చేతులు?

పెట్టెలు అక్కడే విప్పించి పంచాను. చినిగితే చినగనీ అన్నాను. దీన్ని ప్రాయశ్చిత్తం అనుకోకండి, నేనూ అనుకోవడం లేదు. ఇవ్వాల్సినవి ఇచ్చాను, అంతే.

తర్వాత పాత మునిసిపాలిటీకి ఒక కాగితం రాశాను. ఆ రోజు సుంకమ్మకు గ్లౌజులు ఇవ్వలేదు, ఆమె సంతకం తనిఖీ రోజు ఫోటో కోసం తీసుకున్నది, నేనిచ్చిన నివేదిక అబద్ధం, ఆమెకు ఆగిన సాయం ఇప్పించండి అని. స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. గుమస్తా చదివి, ఫైలు ఎప్పుడో మూసేశాం గదా సార్, ఇప్పుడు ఎందుకు కెలుకుతారు అన్నాడు. ముద్ర వేసి నకలు ఇచ్చేదాకా కదలనన్నాను. ఇచ్చాడు. ఏమవుతుందో తెలియదు. ఏమీ కాకపోవచ్చు. నాకు మాత్రం ఏదో ఒక శిక్ష కావాలి.

సుంకమ్మ కోడుమూరు దగ్గర చెల్లెలి ఇంట్లో ఉందట. వచ్చే ఆదివారం నకలు తీసుకుని పోతాను. ఆమె తలుపు వేసుకుంటే ఆమె ఇష్టం. క్షమించమని అడగను. ఆ భారం కూడా ఆమె మీదే వేయడం ఎందుకు?

ఇక్కడ నా పేరు రాయలేదు. మునిసిపాలిటీకిచ్చిన కాగితంలో రాశాను, పూర్తి పేరు, హోదా. కింద సంతకం అక్షరం అక్షరం పూర్తిగా పెట్టాను. చాలా కాలానికి ఒక కాగితంలో నిజం రాశాక ఊపిరి కొంచెం తేలికైంది కూడా. అలా తేలికైనందుకు సిగ్గేసి చెయ్యి వైపు చూసుకున్నాను. అయిదు వేళ్లూ ఉన్నాయి.