పచ్చిక పీకిన చాందీ

నేను ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషిని కాను. ముప్పై రెండేళ్లు బడిలో పిల్లల తప్పులు దిద్దాను. కానీ మా మహబూబాబాద్ కాలనీ పార్కులో చాందీ గురించి చెప్పాలంటే నా తప్పుతోనే మొదలుపెట్టాలి.

చాందీకి అరవై ఉంటాయి. నలభై ఏళ్లు లంబాడీ తండాలో ఉంటూ పత్తి చేలల్లో కలుపు తీసింది. భర్త దేవ్యా పోయాక కొడుకు కుమార్ ఆమెను తన అద్దె ఇంటికి, రెండో అంతస్తుకు తెచ్చుకున్నాడు. అక్కడ ఆమె మాట్లాడటమే మానేసింది. తిండి లేదు, నిద్ర లేదు, గోడవైపు తిరిగి కూర్చునేది. దవాఖానలో డాక్టరు ఇది మనసుకు వచ్చిన జబ్బని చెప్పి, మందులిచ్చి, రోజూ పొద్దున చెట్ల మధ్యకు తీసుకుపొమ్మన్నాడు. అలా మా పార్కుకు వచ్చింది.

రెండు వారాలు గేటు పక్కన నేల మీదే కూర్చుంది. బెంచీ మీద కూర్చోమంటే నా ముఖమైనా చూడలేదు. నాకు ఒళ్లు మండింది. పలకరిస్తే పలకని మనిషితో నాకేం పని అనుకున్నాను.

ఆషాఢంలో ఒక పొద్దున వెళ్లేసరికి వాచ్‌మన్ యోసేపు తల పట్టుకుని నిలబడ్డాడు. నెల కిందట ముచ్చటపడి వేయించుకున్న పచ్చిక సగం లేదు! సాలు వెంట సాలుగా, వేళ్లతో సహా పీకి కుప్పలు పెట్టి ఉంది. కుప్పల పక్కన చాందీ చేతులు దులుపుకుంటోంది.

"ఎంత గడ్డి పెరగనిచ్చిన్రు! గిట్లయితే చెట్లు ఎట్ల బతుకుతయ్?" అంది.

ఆమె గొంతు నేను వినడం అదే మొదలు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. ఆమెను పార్కులోకి రానివ్వొద్దని సాయంత్రమే కాలనీ కమిటీకి కాగితం రాసి, మొదటి సంతకం నేనే పెట్టాను. మర్నాడు యోసేపు ఆమెను గేటు దగ్గరే ఆపేశాడు.

వారం తర్వాత కుమార్ మా ఇంటికొచ్చాడు. వాళ్ల భాషలో యాడీ అంటే అమ్మ.

"టీచరమ్మా, మా యాడీ మళ్ల గోడకు తిరిగింది. మందులు ఉమ్మేస్తున్నది. గడ్డి పీకిన రోజు ఇంటికొచ్చి రెండు రొట్టెలు అడిగి తిన్నది. బాపు పోయినంక అడిగి తినుడు గదే మొదలు."

సిగ్గుతో నా తల వాలిపోయింది. ఏం చేద్దామని అడిగాను.

"మా ప్రియ తీజ్ చేద్దామంటున్నది. బుట్టలు పెట్టనీకె ఈడ జాగేది?"

ప్రియ అతని కూతురు. తీజ్ అంటే పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిది రోజులు పాటలతో నీళ్లు పోసే తండా పండగ.

కమిటీలో నేనే కొట్లాడాను. పార్కు నడవడానికే తప్ప పండగలకు కాదన్నాడు అధ్యక్షుడు రఘునాథ్. "గడ్డి పోయిన జాగ ఊరికే ఉన్నది గదా! ఇస్తే మీదేం పోతది?" అని, నేను రాసిన కాగితాన్ని అందరి ముందే చింపేశాను.

చివరికి కమిటీ ఒప్పుకుంది. చాందీ పీకిన చోటే బుట్టల కోసం మంచె వేశారు. ప్రియ నాయనమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పుట్టమన్నులో మేకల ఎరువు కలిపి, గింజలు ఎంత ఒత్తుగా చల్లాలో ప్రియతో కలిపి ఏడుగురు ఆడపిల్లలకు చాందీ దగ్గరుండి చూపించింది. మొదటి రోజు సైగలే. మూడో రోజు తిట్లు కూడా వచ్చాయి, నీళ్లు ఎక్కువ పోశారని! పాటలు విని, తండాలు వదిలొచ్చి ఏ సందులో ఎవరున్నారో తెలియకుండా బతుకుతున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. యోసేపు సాయంత్రాలు గేటుకు తాళం వేయడమే మరిచిపోయేవాడు.

తొమ్మిదో రోజుకు మొలకలు జానెడు దాటాయి. చాందీ గొంతెత్తి పాడుతుంటే నలభై మంది ఆడవాళ్లు వలయంగా తిరిగి ఆడారు. రఘునాథ్ చప్పట్లు కొట్టాడు. కుమార్ చెట్టు చాటున ఏడ్చాడు. నాకైతే పట్టరాని సంతోషం! చాందీ మందులు ఇప్పటికీ వేసుకుంటోంది, ఎవరూ బతిమాలకుండానే.

మంచె తీశాక కొత్త పచ్చిక వేయించారు. అందులో కలుపు చూసే పెత్తనం చాందీదని కమిటీ తీర్మానించింది. ఆ కాగితమూ నేనే రాశాను.

నిన్న పొద్దున పచ్చిక మధ్య కూర్చుని నన్ను కేకేసింది.

"అక్కా, జర ఇటు రా! ఏది ఉంచాల్నో, ఏది పీకాల్నో ముందే చెప్పు. లేకుంటే మళ్ల కాగితం రాస్తవ్!"

పార్కంతా వినబడేలా నవ్వింది. నేను చెప్పులు విడిచి, వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.