కుడి చెయ్యి లేవని రోబో

ఉద్యోగం వచ్చిందని దాజీ పేటలో మా గల్లీ మొత్తానికి చెప్పేశాను. ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు, అది ఇంకా రాలేదని.

చెప్పకుండా ఎలా ఉంటాను? మరాఠీ ఊళ్లో స్థిరపడ్డ తెలుగు నేతగాళ్లం, మా ఇంట్లో ఇంజనీరింగ్ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నాయిన కింది గదిలో రెండు సాంచెల మీద తువ్వాళ్లు నేస్తాడు. పవర్‌లూమ్‌ని మేం సాంచె అంటాం. అమ్మ గడప దగ్గర చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. ఊరికి అవతలి వైపున్న ఒక బడిలో పిల్లలకు రోబోలు నేర్పే మనిషి కావాలన్నారు. అక్కడి పెద్ద టీచరు నా చేతికొక కిట్ ఇచ్చి, సోమవారం పొద్దున దీన్ని బిగించి, ఆడించి చూపిస్తే ఉద్యోగం నీదే అంది. ‘చూపిస్తే’ అన్న మాట దారిలోనే ఎక్కడో జారిపోయింది. కొంతం చౌక్‌లో ఆటో దిగీ దిగగానే కుంభారిలో ఉన్న చిన్నమ్మకు ఫోన్ చేసి, రోబోల టీచర్నయ్యానని చెప్పాను.

శుక్రవారం గంటన్నరలో రోబోను బిగించేశాను. జానెడు ఎత్తు, రెండు చేతులు. ఒక్కో చేతిని ఆడించడానికి ఒక చిన్న మోటారు, దాని పేరు సర్వో. ముఖంలో ఎదుట అడ్డం వచ్చినదాన్ని కనిపెట్టే సెన్సరు. వీటన్నిటి వైర్లూ ఛాతీలో ఉన్న బోర్డుకు వస్తాయి. బోర్డుకు ఎడమ పక్కన ఒక వరుస పిన్నులు, కుడి పక్కన ఒక వరుస. ప్రతి ప్లగ్గులో మూడు వైర్లు: నలుపు, ఎరుపు, పసుపు. ప్లగ్గులన్నీ ముచ్చటగా గుచ్చి లాప్‌టాప్‌కు కలిపాను. ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి లేవలేదు. కుడి సర్వో కనబడటం లేదు, సెన్సరు కనబడటం లేదు అని తెర మీద రెండు ఎర్ర గీతలు వచ్చాయి. నాకు మాత్రం రెండూ ఎదురుగానే కనబడుతున్నాయి.

చదువుకున్నదాన్ని కాబట్టి తప్పును కూడా నా చదువుకు తగ్గ చోటే వెతికాను. ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించాను. బ్యాటరీలు మార్చాను, కేబుల్ మార్చాను. కుడి సర్వోను తీసి ఎడమ వరుసలో పెడితే హాయిగా ఆడింది. ఎడమదాన్ని తెచ్చి కుడి వరుసలో పెడితే అది కూడా పడుకుంది. సెన్సరుదీ అదే కథ. బోర్డులో కుడి సగం పాడైపోయిందని శాస్త్రం ప్రకారం తేల్చేశాను. కిట్‌తో పాటు వచ్చిన బొమ్మల పుస్తకం మాత్రం తెరవలేదు. అది ఐదో తరగతి పిల్లల కోసం రాసింది.

ఆదివారం చిన్నమ్మ పేడాల డబ్బాతో బస్సు దిగి వచ్చేసింది. రోబో ముందు కూర్చుని అది ఏమైనా చేస్తుందేమోనని ఓపిగ్గా చూసింది. చూసి చూసి, ఇది మగదా ఆడదా అని అడిగింది. అమ్మ చేటలోంచి తలెత్తకుండా జవాబు చెప్పింది.

"పదహారేండ్లు చదివింది. గా బొమ్మ దీని మాట ఇంటలేదు, ఇది నా మాట ఇంటలేదు."

అప్పటికి నేను పెద్ద టీచరుకు సందేశం రాస్తున్నాను, కిట్ పాడైంది, మన్నించండి అని. పంపితే ఆవిడ ఇంకొకర్ని పిలుచుకుంటుంది. పంపకపోతే సోమవారం ఒంటిచేతి రోబోతో వెళ్లాలి. ఎలా చూసినా చిన్నమ్మ పేడాలు తిరిగి డబ్బాలోకి వెళ్లాల్సిందే.

సాంచెలు ఆపి నాయిన పైకి వచ్చాడు. బోర్డు గురించి నేను చెప్పిందంతా, సగం ఇంగ్లీషులోదైనా, ఊ కొడుతూ విన్నాడు. తర్వాత గొంతుక్కూర్చుని రోబో ఛాతీలోకి చాలాసేపు చూశాడు.

"అంచు మాత్రం మంచిగ కుదిర్చినవ్ బిడ్డా," అన్నాడు. "రెండు దిక్కుల నలుపు బయటికున్నది, నడుమ ఎరుపు. నేనైనా గిట్లనే పెడుదు."

నా ఇంజనీరింగ్‌కు నాయిన ఇచ్చిన మొదటి మెప్పు అది. నవ్వబోయాను. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

తువ్వాలుకు రెండంచులూ అద్దంలో చూసుకున్నట్టు ఉండాలి. ఇటు బయట నలుపైతే అటు బయట కూడా నలుపే. నేను చిన్నప్పటి నుంచి తువ్వాళ్లు మడతపెట్టి, అంచులు కలవనివి పక్కకు తీసినదాన్ని. ప్లగ్గులు గుచ్చేటప్పుడు నా చేతులు నన్ను అడగలేదు. బోర్డు తువ్వాలు కాదు. దానికి ప్రతి ప్లగ్గులోనూ నలుపు ఎడమకే ఉండాలి. అంటే ఎడమ వరుసలో బయటికి, కుడి వరుసలో లోపలికి. ఆ పిల్లల పుస్తకం మొదటి పేజీలో బొమ్మ వేసి మరీ చెప్పారు. కరెంటు వచ్చే ఎర్ర వైరు ఎటు తిప్పినా మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఏదీ కాలిపోలేదు. నా పరువు ఒక్కటే కొంచెం కమిలింది.

కుడి వరుసలో రెండు ప్లగ్గులూ తీసి తిప్పి పెట్టాను. ఎర్ర గీతలు పోయాయి. కుడి చెయ్యి లేచి చిన్నమ్మకు దండం పెట్టబోయి, ఎదుట మనిషి ఉందని సెన్సరు చెప్పగానే ఆగింది. చిన్నమ్మ పేడా తీసి ముందు దానికే చూపించింది. నాయినకు మాత్రం నచ్చలేదు.

"అంచు గిట్ల పెడితే మా సేటు మాలు మొత్తం వాపస్ పంపుతడు," అన్నాడు.

సోమవారం పెద్ద టీచరు రెండు చేతులూ లేవడం చూసింది, తన హ్యాండ్‌బ్యాగు అడ్డం పెడితే అవి ఆగడం చూసింది. తర్వాత కళ్లద్దాలు సర్దుకుని బోర్డులోకి వంగి, ఒక పక్క వైర్లు తిరగబడినట్టున్నాయేంటి అని మరాఠీలో అడిగింది. తల్లిదండ్రులు చూడటానికి వస్తారు, రెండు పక్కలా ఒకేలా ఉంటే అందంగా ఉంటుందంటూ చెయ్యి చాపింది. నేను బోర్డుకు అరచెయ్యి అడ్డం పెట్టాను. అలా పెడితే కుడి చెయ్యి లేవదని చెప్పాను. ఇంత గట్టిగా చెబుతున్నావు, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. ఇంట్లోనే అన్నాను. నిన్ననే అని అనలేదు.

ఉత్తర్వు కాగితం చేతిలో పట్టుకుని, ఆటోలో కూడా నలగకుండా తెచ్చాను. గల్లీలో మొదట ఎదురైన అత్తకు ఉద్యోగం వచ్చిందని చెప్పాను.

"మొన్ననే చెప్పినవ్ కదనే," అంది ఆమె. "ఎన్నిసార్లొస్తది?"

ఆ తర్వాత నాలుగిళ్లు తిరిగాను. అందరిదీ అదే మాట. ఈసారి నిజంగా వచ్చిందని చెప్పుకునే దారి లేదు కదా. అందుకే ఇక్కడ రాస్తున్నాను.