తాళాలు ఎక్కడ పెట్టావు?

నర్సు ఉద్యోగానికి ఇటలీ వెళ్లాలని నా భార్య అక్కడి భాష నేర్చుకుంది. నేను రాయపూర్‌లోని భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాను. ఆమె అక్కడ కుదురుకుంటే ఈ లారీల హారన్ల నుంచి నాకూ విముక్తి దొరుకుతుందని ఆశ. అందుకని రోజూ పొద్దున్నే ఆమె పప్పుకు తాలింపు వేస్తుంటే, నేను పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేవాణ్ని. జవాబులు ఆమెవి.

ఆ భాషలో ఒక పితలాటకం ఉంది. "తాళాలు ఎక్కడ పెట్టావు?" అంటే "వాటిని బల్లమీద పెట్టాను" అనాలి కదా. అప్పుడు ఆ తాళాలు ఆడో మగో, ఒకటో పదో చూసుకుని "పెట్టాను" తోక మార్చాలి. "మెస్సో" కాస్తా "మెస్సె" అవుతుంది.

"ఇదేం ఖర్మే! తాళాలకు ఆడా మగా ఏంటి?" అన్నాను చిరాగ్గా.

"హిందీలో లేదేంటండీ? 'మైనే రోటీ ఖాయా' అన్నానని పక్కింటి భాభీ ఎంత నవ్విందో! 'ఖాయీ' అనాలంట. రాయపూర్‌లో ఇన్నేళ్లుండి రోటీ దగ్గర రానిది ఇటలీవాళ్ల తాళాల దగ్గర వస్తోంది నాకు" అంది.

ఆ మాటల్లో తాలింపు మాడిపోయింది. నవ్వుకుంటూ అదే తిన్నాం.

నెలల తరబడి అవే ప్రశ్నలు. తప్పు చెబితే నేను పుస్తకం టపీమని మూసేవాణ్ని. "కోపం తర్వాత పడుదురుగానీ, మళ్లీ అడగండి" అనేది.

ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక ఆమెకు పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంచెం కోలుకుంది గానీ మాట పడిపోయింది. తెలుగులో పిలిచాను, హిందీలో పిలిచాను. కళ్లు నావైపు తిప్పింది, అంతే. బాగా నోటికి వచ్చినవి ఏవైనా చెప్పించి చూడమన్నారు డాక్టరు. రోజూ చేసుకునే ప్రార్థన మొదలుపెట్టాను. పెదవి కదల్లేదు. ఏమీ తోచక, వంటింట్లో అడిగినట్టే ఆ తాళాల ప్రశ్న అడిగేశాను.

"దోవె ఐ మెస్సో లె క్యావి?"

"లె ఓ మెస్సె సుల్ తావొలో" అంది. తోక కూడా సరిగ్గా మార్చింది.

గోడవైపు తిరిగి ఏడ్చాను. అది సంతోషమనే అనుకున్నాను. తర్వాత పుస్తకమంతా వెతికి, "నన్ను గుర్తుపట్టావా?" అని ఆ భాషలోనే కూడబలుక్కుని అడిగాను. మేమెప్పుడూ వల్లెవేయని ప్రశ్న అది. వార్డులోకి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు మర్యాదగా చూసింది.

ఇప్పటికీ ఆఫీసుకు వెళ్లేముందు ఆమె పక్కన కూర్చుంటాను. ఆమె గొంతు వినడానికి నాకు ఇంకో దారి లేదు. తాళాలు నా జేబులోనే ఉంటాయి. ఎక్కడ పెట్టావని అడుగుతాను. బల్లమీద పెట్టానంటుంది.