సన్న తూటా

మావారు లండన్‌లో పిల్లల వార్డులో నర్సు. ఇంగ్లండ్‌లో ఉన్న లండన్ కాదు, ఒంటారియోలోది. మా చుట్టాలకు ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఆయన ఇంజెక్షన్ చేస్తే పిల్లలు ఏడవరని వార్డులో పేరు. పనికొచ్చే సూదుల్లో అన్నిటికంటే సన్నది ఏరి తీసుకుంటారట. ఇంట్లోనూ అదే వరస. నా వేలిలో ముల్లు గుచ్చుకుంటే కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఊదుతూ, ‘నొప్పా? నొప్పా?’ అని అడుగుతూ తీస్తారు. ఆ మర్యాదకంటే ముల్లే నయమనిపిస్తుంది.

అలాంటి మనిషి తుపాకీ కొనాల్సి వచ్చింది.

రిటైరయ్యాక మట్టిలో పనిచేసుకుంటూ బతకాలన్నది ఆయన ఆశ. అందుకని ఊరి బయట కొంచెం పొలం కొని ఆపిల్ మొక్కలు నాటారు, కోళ్లు పెంచారు. డ్యూటీ నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా మొక్కల మధ్య తిరిగేవారు. కోళ్లను నక్క ఎత్తుకుపోవడం మొదలుపెట్టింది. మొక్కల చిగుళ్లు జింకలు కొరికేశాయి, చలికాలంలో బెరడు కూడా వదల్లేదు. కంచె వేస్తే దూకాయి. ఆ వాసనకు జింకలు రావని ఎవరో చెబితే కొమ్మలకు సబ్బు ముక్కలు కట్టాం. రేడియో పెడితే వింటూ మేశాయి. ఇంకో ఏడాది ఇలాగే పోతే తోట ఉండదని తేలిపోయింది. పంట పాడవుతోందని అప్లై చేస్తే జింకలను కొట్టడానికి పర్మిషన్ వచ్చింది. తుపాకీ లైసెన్స్ కోసం క్లాసుకు వెళ్లి పాసయ్యారు కూడా.

షాపుకి మాతోపాటు పక్క పొలం పెద్దాయన వచ్చాడు. పుట్టినప్పటి నుంచీ ఇక్కడే వ్యవసాయం చేస్తున్న తెల్లాయన. నక్క ఒక్కటే అయితే సన్న తూటా పేల్చే టూ ట్వంటీ త్రీ తుపాకీ చాలన్నాడు. జింక కూడా ఉంది కాబట్టి అంతకంటే లావు తూటా పేల్చే టూ ఫార్టీ త్రీ తీసుకో, జింకకు బరువైన తూటా వాడు, రెండు పనులకూ ఒక్క తుపాకీ సరిపోతుంది అని ఇంగ్లీషులో నిదానంగా చెప్పాడు. మావారు రెండు రకాల తూటాలూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని బొటనవేలితో మొనలు తడిమి చూశారు.

“సన్నది తీసుకుందాం. దానికి నొప్పి తక్కువుంటుంది” అన్నారు నాతో తెలుగులో.

“చంపబోయేదానికి నొప్పి గురించి ఆలోచిస్తారేంటండీ?” అన్నాను నవ్వుతూ.

“చంపేటప్పుడే కదా ఆలోచించాలి” అన్నారు. ఆయన నవ్వలేదు. మావారు సన్నది చూపిస్తే పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. అయినా టూ ట్వంటీ త్రీయే ఇంటికొచ్చింది.

నక్క ఉన్నచోటే కూలిపోయింది. మావారు వెళ్లి వంగి చూసి, “దీనికి తెలియనే లేదు” అన్నారు. ఆ పూట అన్నం ముందు ప్రార్థనలో నక్క ఆత్మను కూడా ప్రభువుకు అప్పగిస్తారేమోనని భయపడ్డాను. ఆయన ప్రార్థనలు అంత పొడుగు, కూర చల్లారాల్సిందే.

జింక ఒక సాయంత్రం వచ్చింది. మంచి కండ పట్టిన ఆడజింక. కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. తుపాకీ పేలగానే అది ఎగిరి, ముందుకాలు ఈడ్చుకుంటూ చెట్లలోకి పరిగెత్తింది. ఇద్దరం వెంట వెళ్లాం. ఆకుల మీద నెత్తుటి బొట్లు వాగు దాకా కనిపించాయి, ఆ తర్వాత లేవు. చీకటి పడ్డాక టార్చి పట్టుకుని కూడా వెతికారు. నేను పిలిచినా రాలేదు.

రెండు రోజులకు పెద్దాయనకు అది వాగు అవతల కనిపించింది. దేవదారు చెట్ల కింద పడి ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని భుజం దగ్గర కోసి చూశాడు. నక్క కోసం చేసిన తేలిక తూటా, ఎముకకు తగిలి అక్కడే చిట్లిపోయింది, లోపలికి పోలేదు అన్నాడు. ఒక్క మాట కూడా దెప్పలేదు. నేనైతే దెప్పేదాన్నే, కానీ మావారి ముఖం చూసి నోరు రాలేదు. ఆయన చూపంతా జింక కాళ్ల దగ్గరే ఉంది. గిట్టలతో గీసి గీసి అక్కడి నేలంతా తవ్వినట్టయింది.

“చాలాసేపు బతికే ఉంది” అన్నారు.

ఇంటికి నడుస్తుంటే మధ్యలో ఆగిపోయారు. “మందు చిక్కగా ఉంటే సన్న సూది వాడకూడదు. లోపలికి పోవడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ పిల్లాడు ఏడుస్తాడు. వార్డులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఈ మాట నేనే చెప్తాను. నేనే” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ముందు జింక కోసం, తర్వాత ఆయన కోసం.

ఆ రోజు నుంచి అన్నం ముందు ప్రార్థన మానేశారు. కళ్లు మూసుకుంటారు, వెంటనే తెరిచి కంచం దగ్గరికి లాక్కుంటారు. కూర పొగలు కక్కుతుండగానే తినేస్తున్నాం. పొడుగు ప్రార్థనలని ఇన్నేళ్లు విసుక్కున్నదాన్నే, ఇప్పుడు ఆ చల్లారిన కూరే నయమనిపించింది.

టూ ట్వంటీ త్రీ ఇచ్చేసి టూ ఫార్టీ త్రీ తెచ్చారు. పెద్దాయన పొలం వెనక మట్టిదిబ్బకు గురిపెట్టి ఎండాకాలమంతా ప్రాక్టీస్ చేశారు. ఆకులు రాలే రోజుల్లో మళ్లీ జింక వచ్చింది. ఒక్కటే పేలుడు. తలెత్తి చూసేసరికి అది మొక్కల పక్కనే పడి ఉంది, కాలైనా కదపలేదు.

ఆయన లోపలికొచ్చి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కున్నారు, వార్డులో కడుక్కున్నట్టు. కంచం ముందు కూర్చున్నారు. తోట దక్కిందని, ఈ పూటైనా ప్రార్థన చేస్తారని నేను కళ్లు మూసుకున్నాను.

“దీనికి తెలియనే లేదు” అన్నారు. “ముందే ఈ తుపాకీ కొనుంటే, ఆ మొదటిదానికి కూడా తెలిసుండేది కాదు” అన్నారు.

నేను కళ్లు తెరవలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, నాకొచ్చిన నాలుగు ముక్కలతో ప్రార్థన నేనే చేశాను.