ఎడమ చంకన బిందె

నిద్రలో నేను ఇప్పటికీ చంకన బిందె పెట్టుకుని నడుస్తుంటాను. బోరింగు నుంచి ఇంటికి దారి తెల్లగా, మెత్తగా, ఎంతకీ తరగకుండా సాగుతుంటుంది. నీళ్ళు నాతోపాటు ఊగుతుంటాయి. మెలకువలో మాత్రం మొన్నమొన్నటిదాకా చాప మీద కూర్చుంటే లేవలేకపోయేదాన్ని.

అదే అప్పటి నా దిగులు. కడపలో మా చర్చిలో ఆడవాళ్ళం చాపల మీద కూర్చుంటాం. ప్రార్థనకు లేచే ప్రతిసారీ మా అక్క చెయ్యి అందించాల్సి వచ్చేది. "ఎనక కుర్చీలుండాయి కదా, ఆడ కూర్చోరాదా?" అంది పాస్టరమ్మ. ఒళ్ళు మండింది. ఆ కుర్చీల్లోకి పోయినవాళ్ళెవరూ మళ్ళీ చాప మీదికి రాలేదు.

ఎముకలు పలచబడ్డాయి, బరువులెత్తమన్నాడు డాక్టరు. నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళు నీళ్ళు మోసినదానికి కొత్తగా బరువులేమిటి! అయినా పోయాను. మా వీధి చివర మేడ మీద ఒక అమ్మాయి ఆడవాళ్ళకు జిమ్ము నడుపుతోంది. నన్ను అద్దం ముందు నిలబెట్టి చాలాసేపు చూసింది.

"బిందె ఎప్పుడూ ఎడం సంకనే మోసినావు కదా పెద్దమ్మా?"

"నీకెట్లా తెల్సు పాపా?"

"ఇంకా కుడి పక్కకే వాలి నిలబడుకోనుండావు."

అద్దంలో చూసుకున్నాను. నిజమే. ఇంటికి కొళాయి వచ్చి ఎన్నేళ్ళయిందో! ఇంకా లేని బిందెకు చోటిచ్చి నిలబడి ఉన్నాను.

మొదట ఉత్త కడ్డీ, తర్వాత చిన్న ఇనప బిళ్ళలు. రెండు చేతులా సమానంగా పట్టుకుని, గుంజీలు తీసినట్టు కూర్చుని లేవడం. కిటికీలోంచి సాయంత్రపు ఎండ నేల మీద పరుచుకునేది. ఎత్తడం, దించడం, ఎత్తడం, దించడం... ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. "బరువు పడితేనే ఎముక గట్టిపడతాది పెద్దమ్మా" అనేది ఆ పిల్ల. వేసవి దాటేసరికి ఒళ్ళెరగని నిద్ర పట్టసాగింది. మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. తొడలు గట్టిపడ్డాయి. స్నానం చేస్తూ నొక్కి చూసుకుని మురిసిపోయేదాన్ని, సిగ్గేముంది!

ఒక ఆదివారం, ప్రార్థనకు లేవమనగానే అక్క ముందుగా లేచి అలవాటుగా చెయ్యి చాచింది. నేను ఆ చెయ్యి అందుకోలేదు. మడమలు నేలకు అదిమి, ఊపిరి వదులుతూ మెల్లగా లేచాను.

"లేస్తివే!" అక్క గట్టిగానే అనేసింది. ముందు వరసలోవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఏం ప్రార్థన చేశారో ఒక్క ముక్కా చెవికెక్కలేదు. ఎవరూ పట్టుకోకుండా నిలబడ్డానన్న సంతోషంతో, ఆమెన్ అనేదాకా ఏడుస్తూనే ఉన్నాను.